మసి పట్టని హీటర్

సిడ్నీ పడమటి వైపున ఒక పరీక్షల ల్యాబులో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. మా విభాగం పని సిగరెట్లు కాల్చడం. కాల్చేది మేము కాదు, యంత్రం. ఆ పొగలో నికోటిన్ ఎంత, తారు ఎంత అని కొలిచి, అంకెలు వేసి పంపేవాళ్ళం. నేను జీవితంలో ఒక్క సిగరెట్టు ముట్టలేదు. అయినా సాయంత్రం ఇంటికొస్తే చొక్కా నిండా పొగాకు వాసనే.

ఈమధ్య కెమిస్ట్రీ చదివి ఇలాంటి ల్యాబుల్లో చేరుతున్న మన పిల్లలు కొందరు నన్ను అడుగుతున్నారు. "అంకుల్, ఈ హీటెడ్ టొబాకో మామూలు సిగరెట్ కన్నా బెటరేనా? నికోటిన్ తక్కువ డెలివర్ అవుతుందట కదా?"

దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. ఒకసారి అలా చెప్పాను, మా అక్కకు. మిగతా ఉద్యోగమంతా పక్కన పెట్టి ఆ సంగతే రాస్తున్నాను. నాకు తెలిసినదంతా అందులోనే ఉంది.

యంత్రం తాగే పద్ధతి

యంత్రం నిమిషానికి ఒక దమ్ము లాగుతుంది. రెండు సెకన్లు, ముప్పై అయిదు మిల్లీలీటర్లు. మొదటి సిగరెట్టుకూ వందో సిగరెట్టుకూ తేడా లేదు. పొగ ఒక తెల్లటి ఫిల్టర్ మీదికి చేరుతుంది. ఆ ఫిల్టర్ని ద్రావకంలో నానబెట్టి నికోటిన్ తీసి కొలుస్తాం. పనిలో కష్టం లేదు, ఓపిక కావాలి.

మా పైఅధికారి మార్గరెట్. నాకన్నా పదేళ్ళు పెద్ద. మాట కరుకు, మనిషి నిఖార్సు. పొగలో ఏముందో ప్రపంచంలో అందరికన్నా బాగా తెలిసినా రోజుకో ప్యాకెట్ తాగేది. నేను చేరిన వారంలోనే నన్ను వెనక గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి సిగరెట్ ముట్టించింది.

"నా వేళ్ళు ఎక్కడున్నాయో చూడు, లవ్." అందర్నీ అలాగే పిలిచేది.

చూశాను. సిగరెట్టును ఫిల్టరుకు దగ్గరగా పట్టుకుంది.

"ఇది లైట్ సిగరెట్. ఫిల్టర్ చుట్టూ కంటికి కనపడనంత చిన్న కన్నాలుంటాయి. వాటిలోంచి గాలి కలిసి పొగ పలచబడుతుంది. యంత్రానికి వేళ్ళు లేవు కాబట్టి కన్నాలు తెరిచే ఉంటాయి, అంకె తక్కువొస్తుంది. నాకు వేళ్ళున్నాయి. కన్నాలు మూసేస్తాను. నా ఒంటికి ఎంత కావాలో అంతా లాక్కుంటాను. ఈ యంత్రంలా తాగే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. నువ్వు చూస్తే నాకు చెప్పు."

ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకుంటే నేర్చుకున్నట్టే అనుకునే వయసు కాదు నాది అప్పటికి. అయినా అలాగే అనుకున్నాను.

రెండువేలు రాబోతున్న ఏడాది

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం హడలిపోతున్న రోజులు. సిడ్నీకి మన ప్రోగ్రామర్లు దండుగా దిగారు. బ్యాంకులో పాత కోబాల్ ప్రోగ్రాములు సరిచేసే పనికి మా అక్క పైడమ్మ కొడుకు శంకర్ కూడా వచ్చాడు. భార్యతో ప్యారమట్టాలో ఒక యూనిట్, అంటే ఫ్లాటు, అద్దెకు తీసుకున్నాడు. ఆ అమ్మాయికి నెల తప్పాక పురుటి సాయానికి మా అక్కను పిలిపించుకున్నాడు.

అదే సమయంలో మా ల్యాబుకు విదేశం నుంచి కొత్త రకం వస్తువు వచ్చింది. అరచేతిలో పట్టే డబ్బా, లోపల బ్యాటరీతో వేడెక్కే హీటర్. దానికోసం విడిగా చేసిన పొట్టి పొగాకు పుల్లలు. పుల్లను డబ్బాలో గుచ్చి పీలిస్తే పొగాకు కాలదు, వేడెక్కి ఆవిరి ఇస్తుంది. యంత్రానికి తగిలించి చూస్తే నికోటిన్ మామూలు సిగరెట్ కన్నా తక్కువ వచ్చింది. తారు ఇంకా తక్కువ. నాకు ముచ్చటేసింది. మార్గరెట్ దాన్ని ఒకరోజు వాడి చూసి, బల్ల మీద పెట్టేసింది.

"గొంతులో ఏమీ తగల్లేదు. ఇది తాగాక రెండు అసలు సిగరెట్లు తాగాల్సొచ్చింది," అంది.

అది కూడా ఒక పరీక్షా ఫలితమే. నేను దాన్ని జోకు అనుకున్నాను.

నోట్లో నిప్పు

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. అక్కడ ఆడవాళ్ళు చుట్ట తాగుతారు. మామూలుగా కాదు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. అడ్డపొగ అంటాం. అమ్మ పోయినప్పుడు నాకు ఏడాది నిండలేదు. నాకన్నా పద్నాలుగేళ్ళు పెద్దదైన అక్కే నన్ను పెంచింది. నాకు జ్ఞాపకమున్న మొదటి ముఖం ఆవిడదే. ఆ ముఖంలో చుట్ట ఉంది.

యూనిట్‌కి వచ్చిన నాలుగో రోజు అక్క బాల్కనీలో కూర్చుని చుట్ట తాగుతోంది. ఎదుటి బాల్కనీలో ఉన్న ముసలాయన చూశాడు. ఒక ముసలావిడ వెలుగుతున్న చుట్టను తిరగేసి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆయన అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు. వాళ్ళు వచ్చేసరికి అక్క లోపలికొచ్చి రెండో చుట్ట ముట్టించింది. పొగ అలారం మోగి ఫైర్ ఇంజను కూడా వచ్చింది.

ఆ శనివారం శంకర్ అక్కను మా ఇంటికి తీసుకొచ్చాడు. చేతిలో బిల్డింగ్ వాళ్ళ ఉత్తరం.

"మావయ్యా, ఇది సెకండ్ వార్నింగ్. లీజ్ క్యాన్సిల్ చేసేస్తారు. బేబీ వచ్చాక ఇంట్లో స్మోక్ అసలు కుదరదని డాక్టర్ క్లియర్‌గా చెప్పింది. మా అమ్మ మానదు. నేనింక టికెట్ మార్పించి పంపించేస్తా."

అక్క సోఫా అంచున కూర్చుంది. ఒళ్ళో చేతి సంచి.

"పంపించీరా. మనవడ్ని పోటోలో సూసుకుంటాను. పోటోకి పొగ తగల్దు."

"చూశావా మావయ్యా, ఎలా మాట్లాడుతుందో!"

"నీ పురుడు పోసింది ఏ డాట్రురా? నోట్లో సుట్ట ఎట్టుకున్న ముసిలే కదేటి?"

శంకర్‌కి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మానితే ఉండనీ మావయ్యా. నాకు మాత్రం పంపాలనుందా?" అన్నాడు.

అక్క నావైపు చూసింది. "ఒరే తమ్ముడూ, ఆ పిల్లోడ్ని ఒక్కసారి ఎత్తుకోవాల. ఏటి సెయ్యాలో సెప్పు, సేస్తాను."

ఏం చెయ్యాలో నాకు తెలుసు అనుకున్నాను.

నేను చేసిన పని

ల్యాబులో పరీక్ష అయ్యాక మిగిలిన నమూనాలను ధ్వంసం చేసి రిజిస్టరులో రాయాలి. నేను ఒక హీటర్నీ, నెలలకు సరిపడా పుల్లల పెట్టెల్నీ ధ్వంసం చేసినట్టు రాసి ఇంటికి తెచ్చాను. ఇది దొంగతనం. ఇంకో పేరు పెట్టను.

అక్కకు వాడకం చూపించాను. ఒకసారి పీల్చింది, తల ఊపింది. వారానికి రెండు పెట్టెలని లెక్క చెప్పాను. ఆవిడ మా ఇంట్లోనే ఉండిపోయింది.

నికోటిన్ ఒంట్లోకి వెళ్ళాక కొటినిన్ అనే పదార్థంగా మారుతుంది. అది ఉమ్మిలో కొన్ని రోజులపాటు దొరుకుతుంది. అబద్ధమాడదు. హీటరు ఇచ్చే ముందు ఒకసారి, ఆ తర్వాత ప్రతి ఆదివారం అక్కకు ఒక ప్లాస్టిక్ గొట్టం ఇచ్చి ఉమ్మమనేవాణ్ణి. ఆవిడ అటు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని ఉమ్మి మూత బిగించి ఇచ్చేది. సోమవారం ఆ గొట్టాన్ని ఇతర నమూనాల మధ్య దూర్చేవాణ్ణి.

మొదటి వారం బాగా పడిపోయింది. తర్వాత కొద్దిగా పెరిగి, చుట్ట రోజుల్లో ఉన్నదానికి సగం దగ్గర నిలబడింది. ప్రతి వారం సగమే. పుల్లల పెట్టెలు కూడా లెక్క ప్రకారమే అయిపోతున్నాయి. సగం నికోటిన్ హీటరు నుంచి వస్తోంది, నిప్పూ పొగా పోయాయి, ఇంతకన్నా ఏం కావాలి? కాగితం మీద గీత గీసి శంకర్‌కి చూపించాను. "గ్రాఫ్ సూపర్ ఉంది మావయ్యా," అన్నాడు. టికెట్ మార్పించే మాట మళ్ళీ ఎత్తలేదు.

అయిదో వారంలో అన్నం తింటూ అక్క పళ్ళెం పక్కకు జరిపింది.

"నోరు మండుతున్నాదిరా. పులుసు తగిల్తే సుర్రుమంటున్నాది."

"పొగ మానినవాళ్ళకి నోట్లో పుళ్ళు రావడం మామూలే అక్కా. కొన్నాళ్ళకి తగ్గిపోతుంది."

ఈ మాట నేను ఊహించి చెప్పింది కాదు. మానేసినవాళ్ళ కోసం వేసిన ఒక కరపత్రంలో నిజంగానే ఉంది. చదువుకున్నవాడి తప్పులు ఇలాగే ఉంటాయి. చెప్పిన మాటలో తప్పు ఉండదు, ఎవరికి చెబుతున్నామో అక్కడ ఉంటుంది.

ఆ చలికాలం, ఇక్కడ అది ఆగస్టు, మనవడు పుట్టాడు. అక్క వాణ్ణి ఎత్తుకుంది. ఆసుపత్రి గదిలో కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు ఎవరికీ ఇవ్వలేదు. నాకు గర్వంగా ఉంది. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మార్గరెట్ అడిగిన రెండు ప్రశ్నలు

ఏడాది చివరికొచ్చేసరికి ల్యాబుకు ఆజ్ఞ వచ్చింది. చిప్ ఉన్న ప్రతి వస్తువునూ నంబరు ప్రకారం లెక్కపెట్టి, తారీకు మారితే పనిచేస్తుందో లేదో చూడాలి. తక్కెళ్ళు, ఫ్రిజ్‌లు, ఫ్యాక్స్ యంత్రం, అన్నీ. హీటర్లలోనూ చిన్న చిప్ ఉంది. పెట్టెలో ఒకటి తక్కువ వచ్చింది. రిజిస్టరులో ధ్వంసం చేశామని ఉంది, ధ్వంసం చేసిన ముక్కల సంచిలో ఆ నంబరు లేదు.

మార్గరెట్ ఎవర్నీ పిలిచి అడగలేదు. నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. నేను చెప్పేశాను. అక్క సంగతి, గొట్టాల సంగతి, అంతా.

"రేపు పట్టుకురా," అంది.

ఇంట్లో అడిగితే అక్క పెట్టెలోంచి హీటరు తీసి ఇచ్చింది. పాత చీర ముక్కలో చుట్టి పెట్టింది. మర్నాడు మార్గరెట్ దాని మూత విప్పి దీపం కిందికి పట్టింది. చాలాసేపు చూసి నాకు ఇచ్చింది.

ఆ హీటర్లో వారం రోజులు పుల్లలు వాడితే లోపల గోధుమరంగు జిగురు పేరుకుంటుంది. రోజూ తుడిచినా అంచులకు మసి పడుతుంది. ఇది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"దీన్ని ఎవరూ వాడలేదు," అంది మార్గరెట్. "ఒకట్రెండు సార్లు తప్ప."

"పుల్లలు అయిపోయాయి. కొటినిన్ కూడా వచ్చింది."

"వచ్చింది. ఎక్కడ్నించి? మీ అక్క పొగను ఊపిరితిత్తుల్లోకి పీలుస్తుందా?"

చుట్ట పొగలో క్షారం ఎక్కువ. నోట్లో ఉంచుకుంటే చాలు, నికోటిన్ అక్కడి నుంచే రక్తంలోకి పోతుంది. ఈ పుల్లల ఆవిరి అలాంటిది కాదు, లోపలికి పీల్చాలి. అడ్డపొగ తాగేవాళ్ళు పీల్చరు. ఇది మా జిల్లాలో పుట్టినవాడికి తెలుసు. కెమిస్ట్రీ చదివినవాడికీ తెలుసు. ఆ ఇద్దరూ నేనే. ఆ హీటరు మా అక్కకు దాదాపు ఏమీ ఇవ్వదని నాకు మొదటిరోజే తెలియాల్సింది.

మార్గరెట్ రెండో ప్రశ్న అడిగింది. "నిప్పు నోట్లో పెట్టుకుంటుందన్నావు. ఎవరైనా ఆ నోరు తెరిపించి చూశారా?"

నేను టోపీ కూడా తీసుకోకుండా ఇంటికి వెళ్ళాను.

అక్క చెప్పింది

మధ్యాహ్నం మూడు గంటలు. అక్క పెరట్లో షెడ్డు వెనక పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూసి దాచలేదు. పక్కన పుల్లల పెట్టె. పుల్లల కాగితం చింపి, లోపలి పొగాకు దులిపి, ఊరి నుంచి తెచ్చుకున్న ఆకులో చుట్టి చుట్టలు చేసుకుంటోంది.

"ఆ డబ్బాలో ఎట్టి పీలిస్తే ఏటొస్తాదిరా? గాలొస్తాది. లోపలి పొగాకు మాత్రం మంచిదే. రోజుకి రెండు. ఇంట్లో తాగనేదు, పిల్లోడి కాడ తాగనేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగనేదు కదా. ఉమ్మమన్నావు, ఉమ్మీసినాను. తగ్గింది తగ్గిందని నువ్వూ నా కొడుకూ ఒకటే సంబరం. మజ్జిన నానేటి సెప్తాను?"

"నోరు తెరువు అక్కా."

కొంగు అడ్డం పెట్టుకుంది. "సిన్నప్పుడు నీ ముడ్డి కడిగినాను. ఇప్పుడు నా నోరు సూస్తావేట్రా?"

"తెరువు."

టార్చి వేశాను. అంగిలి అంతా తెల్లగా, మందంగా, మధ్యలో ఎర్రటి చుక్కలు. అది మా ఊరి ఆడవాళ్ళందరికీ ఉండేదే. చిన్నప్పటి నుంచి చూసి చూసి, అంగిలి అంటే అలాగే ఉంటుందనుకునేవాణ్ణి. కానీ లోపలి వైపు, ఎడమ పక్కన, అంచులు లేచిన పుండు ఉంది.

"ఇది ఎప్పటి నుంచి?"

"పురుడుకి ముందు నుంచే కదేటి. మండుతున్నాదని సెప్పినాను కదా. తగ్గిపోతాదన్నావు."

మాట తప్పుపట్టేట్టు అనలేదు. జ్ఞాపకం చేసినట్టు అంది.

అక్క అబద్ధం ఆడలేదు, అంకె కూడా అబద్ధం ఆడలేదు. సగం అంటే నిజంగా సగమే. రోజుకు నాలుగు చుట్టల బదులు రెండు. నేను దానికి వేరే కథ చెప్పుకున్నాను. వరుసగా ఇన్ని వారాలు ఆవిడ నోట్లోంచి వచ్చినదాన్ని చేత్తో పట్టుకుని వెళ్ళాను, ఒక్కసారీ ఆ నోట్లోకి చూడలేదు.

తర్వాత

అది క్యాన్సరే. ఆపరేషన్ సిడ్నీలోనే అయింది. అంగిలి కొంత తీసేసి ప్లేటు పెట్టారు. కొత్త సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లు ఏవీ ఆగలేదు. శంకర్ వాళ్ళ బ్యాంకులో కేకు కోశారట. కొంచెం ముందే చూసి ఉంటే బతికేదా అని నేను డాక్టర్ని అడగలేదు. ఈ కథ మొత్తంలో కావాలని అడగని ప్రశ్న అదొక్కటే.

ల్యాబులో నా మీద హెచ్చరిక రాశారు. రాసింది మార్గరెట్టే. రాయాల్సిందే. తర్వాత ఆవిడ మా నమూనాల ఫారంలో ఒక కొత్త గడి పెట్టించింది. నికోటిన్ ఎంత అనే గడికన్నా పైన. "ఎలా తాగుతారు? చూపించమనండి." ఆవిడ రిటైరయ్యాక ఎవరో అనవసరమని దాన్ని తీసేశారు. నేను ఉన్నన్నాళ్ళూ చేత్తో రాసుకునేవాణ్ణి.

పిల్లలు అడిగిన ప్రశ్నకు ఇదే నా జవాబు. వేడిచేసే పొగాకు ఎంత నికోటిన్ ఇస్తుందో యంత్రం చెబుతుంది. యంత్రానికి ఎంత ఇస్తుందో చెబుతుంది. మనిషి కావలసినంత తీసుకుంటాడు. గట్టిగా లాగుతాడు, రెండోది ముట్టిస్తాడు, లేదా చింపి ఆకులో చుట్టుకుంటాడు. మీ గ్రాఫు అందంగా వచ్చిన రోజు లేచి వెళ్ళి ఆ మనిషి దగ్గర కూర్చోండి.

అక్క మరో ఎనిమిది నెలలు ఉంది, మా ఇంట్లోనే. ప్లేటు వల్ల మాట ముక్కులోంచి వచ్చేది. శంకర్ ప్రతి ఆదివారం పిల్లవాణ్ణి తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టేవాడు. నేనూ పక్కనే కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ద పాండ్స్ అని ఇళ్ళన్నీ కట్టినచోటు అప్పుడు ఖాళీ గడ్డినేల. ఒక ఆదివారం కారులో అటు తిప్పితే, ఎండలో కాసేపు కూర్చుంటానంది. పిల్లవాడు ఒళ్ళో నిద్రపోయాడు.

"అక్కా, నువ్వు అడ్డపొగ ఎందుకు మొదలెట్టావు? మామూలుగా తాగొచ్చు కదా?"

ఒక్కొక్క మాటే పలికింది.

"అమ్మ పోయినాక నువ్వు నా సంకలో ఉండీవోడివి. సేపలు ఆరబెట్టే కాడ ఒకటే గాలి. సుట్ట మామూలుగా ఎట్టుకుంటే నిప్పురవ్వలు నీ మీద పడీవి. ఒకసారి నీ సెవి కాడ కాలింది. అప్పట్నుంచి నిప్పు లోపలికి ఎట్టీసినాను."

నేను చెవి తడుముకున్నాను. మచ్చ ఉంది. అదేమిటో నాకు ఎప్పుడూ తెలియదు.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

అక్క పిల్లవాడి మొహం మీద ఎండ పడకుండా కొంగు జరిపింది.

"ఇప్పుడు అడిగినావు కదా," అంది.